గ్రీన్ టీ, బ్లాక్ టీ, ఊలాంగ్, ఇరానీ చాయ్: ఏ ఆకు ఎక్కడిది, ఒంటికి ఏది మంచిది?

మల్కాజ్‌గిరి_చాయ్:
ఇంట్లో నలుగురం. పొద్దున లేవగానే, టిఫిన్‌తో, సాయంత్రం... మూడు పూటలా పాలు పోసి మరిగించిన చాయే. అత్తయ్యకు హిమోగ్లోబిన్ 9.8 ఉందని ఐరన్ గోళీలు రాశారు. మామయ్యకు బీపీ, థైరాయిడ్ మందులున్నాయి. చుట్టాలు ఎవరొచ్చినా "చాయ్ మానేసి గ్రీన్ టీ తాగండి" అంటున్నారు. కొందామని వెళితే అరల నిండా వైట్ టీ, ఊలాంగ్, మందారం టీ, చామంతి టీ అని ఏవేవో ఉన్నాయి.

నా ప్రశ్నలు ఇవి. ఇవన్నీ వేర్వేరు మొక్కలా? గ్రీన్ టీ నిజంగా అంత మేలా? ఇంట్లో పెడితే నోట్లో పెట్టుకోలేనంత చేదు ఎందుకొస్తోంది? ఇంకొకటి, ఇరానీ చాయ్ హోటల్ రుచి ఇంట్లో రావాలంటే ఏం చేయాలి? అల్లం వేస్తే పాలు విరిగిపోతున్నాయి, దానికి కారణం కూడా చెప్పండి.

ఆకుపొడి:
మొక్క సంగతి ముందు చెప్తాను. గ్రీన్, వైట్, ఊలాంగ్, బ్లాక్, ప్యూఎర్ అన్నీ ఒకే మొక్క ఆకు. దాని శాస్త్రీయ నామం కమీలియా సైనెన్సిస్. ఇందులో ముఖ్యమైనవి రెండు రకాలు. చైనా రకానికి ఆకు చిన్నది, చలికి తట్టుకుంటుంది. డార్జిలింగ్ పాత తోటల్లో ఎక్కువగా ఇదే ఉంటుంది. అస్సాం రకానికి ఆకు పెద్దది, దానికి వేడీ వానా రెండూ కావాలి. మనం రోజూ వాడే చాయ్‌పత్తాలో ఎక్కువ భాగం దీనిదే. మందారం, చామంతి, తులసి, నిమ్మగడ్డి మాత్రం వేరే మొక్కలు. వాటిలో తేయాకు ఉండదు, కెఫీన్ కూడా ఉండదు.

మరి ఒకే ఆకుకు ఇన్ని పేర్లెందుకంటే, కోసిన తర్వాత చేసే పనిలో తేడా. కోసిన వంకాయ గాలి తగిలి నల్లబడినట్టే, నలిగిన తేయాకు కూడా గాలికి రంగు మారుతుంది. ఆ మార్పును ఎక్కడ ఆపితే ఆ టీ తయారవుతుంది. కోసిన వెంటనే వేడి తగిలించి ఆపేస్తే గ్రీన్ టీ. చైనాలో ఎక్కువగా ఆకును మూకుడులో వేయిస్తారు, జపాన్‌లో ఆవిరి పడతారు. జపాన్‌వాళ్ల సెంచా అనే గ్రీన్ టీలో ఆ పచ్చి వాసన, ముదురు ఆకుపచ్చ రంగు అందుకే. లేత మొగ్గల్ని నలపకుండా వాడబెట్టి ఎండిస్తే వైట్ టీ, దానికి పేరున్న చోటు చైనాలోని ఫూజియాన్. సగంలో ఆపితే ఊలాంగ్, అదీ ఫూజియాన్‌లోని వూయి కొండలదీ, అన్‌షీదీ, ఆ తర్వాత తైవాన్‌దీ. పూర్తిగా మారనిస్తే బ్లాక్ టీ. యున్నాన్‌లో పుట్టిన ప్యూఎర్ వీటన్నిటికీ భిన్నం. దాన్ని సూక్ష్మజీవులు మాగబెడతాయి, ఏళ్ల తరబడి దాచి తాగుతారు.

చరిత్రలో చైనా పురాణాల షెన్నాంగ్ చక్రవర్తి వేడినీళ్లలో ఆకు రాలి పడిందనేది కథ. చేతికి దొరికిన ఆధారం వేరే ఉంది. క్రీ.పూ. 141లో చనిపోయిన హాన్ వంశపు రాజు జింగ్ సమాధిలో దొరికిన ఎండుటాకులు తేయాకు మొగ్గలేనని 2016లో ప్రకటించారు. మన దేశానికొస్తే, అస్సాంలో సింగ్ఫో తెగవాళ్లు ఎప్పటినుంచో తాగుతున్న ఆకు 1823లో రాబర్ట్ బ్రూస్ అనే స్కాట్లాండ్ వ్యాపారి కంటపడింది. 1838లో అస్సాం టీ ఓడెక్కి, 1839 జనవరిలో లండన్‌లో వేలానికొచ్చింది. డార్జిలింగ్‌లో 1841లో డాక్టర్ క్యాంప్‌బెల్ నాటించాడు. 2004లో మన దేశంలో మొట్టమొదటి భౌగోళిక గుర్తింపు దక్కింది కూడా డార్జిలింగ్ టీకే.

మన చాయ్‌కి అసలు మలుపు 1930 ప్రాంతంలో అస్సాంలోని అమ్‌గూరి తోటలో వచ్చిన సీటీసీ యంత్రం. పళ్లున్న రెండు రోలర్లు వేర్వేరు వేగాలతో తిరుగుతూ ఆకును నలిపి, చీల్చి, గుళికలుగా చుడతాయి. గుళిక చిన్నది కాబట్టి రంగూ ఘాటూ నిమిషాల్లో దిగుతాయి, పాలు పోసినా నిలబడతాయి. ప్యాకెట్ మీద "డస్ట్" అని చూసి అది ఊడ్చిన దుమ్మనుకునేవాళ్లున్నారు. అది గుళిక సైజును బట్టి పెట్టిన గ్రేడు పేరు మాత్రమే. హోటళ్లకు కావలసింది అదే, కొంచెం వేస్తే ఎక్కువ కప్పులకు రంగొస్తుంది.

ఇప్పుడు మీ చేదు సంగతి. గ్రీన్ టీ ఆకును సలసల మరిగే నీళ్లలో వేసి వదిలేస్తే క్యాటెచిన్లు అనే వగరు పదార్థాలూ కెఫీనూ ఒక్కసారిగా దిగుతాయి, అదే ఆ చేదు, వగరు. 75 నుంచి 80 డిగ్రీలు చాలు. థర్మామీటర్ అక్కర్లేదు. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉంది కాబట్టి మన దగ్గర నీళ్లు దాదాపు 98 దగ్గర మరుగుతాయి. మూడు వంతులు మరిగిన నీళ్లకు ఒక వంతు మామూలు నీళ్లు కలిపితే 80 దగ్గరికొస్తుంది. 200 మిల్లీలీటర్లకు 2 గ్రాముల ఆకు, పొడవాటి ఆకైతే నిండు చెంచా. రెండు నిమిషాలకు వడకట్టాలి. కప్పులోనే సంచి వదిలేసి అరగంట తాగడం వల్లే చాలామందికి గ్రీన్ టీ అంటే విరక్తి పుడుతోంది.

వైట్ టీకి 85 డిగ్రీలు, నాలుగైదు నిమిషాలు. ఊలాంగ్‌కి 90 నుంచి 95, మూడు నిమిషాలు, అదే ఆకును మూడు నాలుగు సార్లు వాడొచ్చు, రెండోసారే రుచి బాగుంటుంది. డార్జిలింగ్ మొదటి కోతకి 90, మూడు నిమిషాలు. దాంట్లో పాలు పోయొద్దు, పెట్టిన డబ్బులన్నీ ఆ వాసనకే.

బోరు నీళ్లు వాడుతుంటే ఒక్కసారి మార్చి చూడండి. వాటిలో సున్నం ఎక్కువుంటే టీ మీద తెట్టులా పొర కడుతుంది, రంగు మట్టిలా మారుతుంది. ఎంత ఖరీదైన ఆకైనా ఆ నీళ్లలో తేలిపోతుంది.

తార్నాక_పోషణ:
మల్కాజ్‌గిరి గారూ, మీ అత్తయ్యగారి సంగతి అన్నిటికన్నా ముఖ్యం కాబట్టి దాంతో మొదలుపెడతాను. తేయాకులోని టానిన్లు ఆకుకూరలు, పప్పులు, రాగుల్లోని ఇనుమును పట్టేసుకుంటాయి, అది రక్తంలోకి చేరదు. భోజనంతో పాటు స్ట్రాంగ్ టీ తాగితే అలాంటి ఇనుము సగానికి పైగా వృథా కావచ్చు. ఈ పని గ్రీన్ టీ కూడా చేస్తుంది. కాబట్టి "చాయ్ బదులు గ్రీన్ టీ" అన్న సలహా ఆవిడ సమస్యకు పనికిరాదు. మార్చాల్సింది వేళ.

జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో, భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీలు వద్దని ఉంది. మన తార్నాకలోని సంస్థే అది. 1918లో నీలగిరి తేయాకు తోటల మధ్య కూనూర్‌లో పుట్టి, 1958లో హైదరాబాద్ వచ్చింది. మీ ఇంట్లో టిఫిన్‌తో తాగే చాయ్‌ని పదకొండింటికి జరపండి. ఐరన్ గోళీ చాయ్‌తో గానీ పాలతో గానీ వేయకూడదు, రెండిటికీ కనీసం గంట నుంచి రెండు గంటల ఎడం ఉండాలి. నిమ్మరసం నీళ్లతో వేస్తే విటమిన్ సి వల్ల ఇనుము బాగా ఒంటబడుతుంది. 9.8 అంటే చికిత్స జరగాల్సిన స్థాయి, చాయ్ మానేసినంత మాత్రాన అది పెరగదు. గోళీలు ఆపనివ్వకండి.

మామయ్యగారికి: థైరాయిడ్ గోళీ పరగడుపున మంచినీళ్లతోనే. ఆ తర్వాత అరగంట నుంచి గంట దాకా చాయ్ వద్దు, లేకపోతే మందు సరిగా ఒంటబట్టదు. బీపీ చూసుకునే ముందు అరగంటలో టీ తాగితే అంకె ఎక్కువ చూపిస్తుంది. నాడొలాల్ అనే బీపీ మందు వాడేవాళ్లలో గ్రీన్ టీ ఆ మందు పని తగ్గిస్తుంది. రక్తం పలుచబడేందుకు వార్ఫరిన్ వాడేవాళ్లు కప్పుల మీద కప్పులు గ్రీన్ టీ మొదలుపెట్టకూడదు. మందుల చీటీ డాక్టరుకు చూపించి అడగండి.

కెఫీన్ లెక్క: 150 మిల్లీలీటర్ల కప్పు టీలో 30 నుంచి 65 మిల్లీగ్రాములు. అదే మార్గదర్శకాల్లో రోజుకు 300 దాటొద్దన్నారు. గర్భిణులకు 200 లోపు అని చాలా దేశాల వైద్యసంస్థలు చెబుతాయి. గ్రీన్ టీలో కెఫీన్ ఉండదనుకోవడం తప్పు, గ్రాముకు గ్రాము చూస్తే పెద్ద తేడా లేదు. మాచా అనే జపాన్ గ్రీన్ టీ పొడిలో ఆకు మొత్తం మింగుతాం కాబట్టి ఇంకా ఎక్కువ. నిద్ర పట్టనివాళ్లు సాయంత్రం నాలుగు తర్వాత మానేస్తే తేడా తెలుస్తుంది.

ఇక లాభం. బ్రిటన్‌లో దాదాపు 5 లక్షల మంది మీద పదేళ్లకు పైగా సాగిన అధ్యయనం 2022లో వచ్చింది. రోజుకు రెండు కప్పులు, అంతకన్నా ఎక్కువ తాగేవాళ్లలో మరణ ప్రమాదం అసలు తాగనివాళ్లకన్నా 9 నుంచి 13 శాతం తక్కువ కనిపించింది. గమనించండి, అక్కడ తాగేది ఎక్కువగా బ్లాక్ టీనే. గ్రీన్ టీలోని క్యాటెచిన్లు బ్లాక్ టీలో మాయమైపోవు, థియాఫ్లావిన్లు, థియారుబిజిన్లుగా మారతాయి, వాటికీ గుణం ఉంది. అయితే ఇలాంటి అధ్యయనాలు టీ వల్లే ఆయుష్షు పెరిగిందని నిరూపించలేవు. బరువు తగ్గడం సంగతైతే, గ్రీన్ టీ మీద జరిగిన ప్రయోగాలన్నీ కలిపి చూసిన కొక్రేన్ అనే వైద్య పరిశోధకుల సంస్థ 2012 సమీక్షలో తగ్గిన బరువు లెక్కలోకి రానంత తక్కువ. అందుకోసమే గ్రీన్ టీ కొనడం దండగ. గ్రీన్ టీ సారంతో చేసే గోళీలు మరీ వద్దు. రోజుకు 800 మిల్లీగ్రాములు, ఆపైన ఈజీసీజీ అనే క్యాటెచిన్ గోళీల రూపంలో తీసుకుంటే కాలేయానికి దెబ్బ తగిలే సూచనలున్నాయని 2018లో ఐరోపా ఆహార భద్రతా సంస్థ చెప్పింది. ఆకు నానబెట్టి తాగే టీకి మామూలుగా ఆ భయం లేదు.

నిజంగా భయపడాల్సినవి వేడి, చక్కెర. 65 డిగ్రీలు దాటిన పానీయాలను అన్నవాహిక క్యాన్సర్‌కు కారణం కావచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2016లో వర్గీకరించింది. ఇరాన్‌లోని గోలెస్తాన్‌లో 50 వేల మందిని పదేళ్లు గమనించి 2019లో ఫలితాలు ఇచ్చారు. 60 డిగ్రీలు, ఆపైన వేడితో రోజుకు 700 మిల్లీలీటర్లకు మించి తాగినవాళ్లలో ఆ క్యాన్సర్ ముప్పు 90 శాతం ఎక్కువ. సాసర్‌లో పోసుకుని తాగే మన పెద్దల అలవాటు చాలా మంచిది, దాన్ని నామోషీగా చూడకండి. చక్కెరకైతే, చెంచాకు 5 గ్రాముల లెక్కన మూడు పూటలా రెండేసి చెంచాలంటే 30 గ్రాములు. రోజంతటికీ 25 లోపు ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట.

నల్లగొండ వైపు పల్లెల్లో ఇంకా బోరు నీళ్లే తాగేవాళ్లకు ఒక మాట. తేయాకు మొక్క మట్టిలోని ఫ్లోరైడ్‌ను ముదురు ఆకుల్లో దాచుకుంటుంది. నీళ్లలోనూ ఫ్లోరైడ్, టీలోనూ ఫ్లోరైడ్ అయితే రెండూ కలుస్తాయి. అక్కడ టీకి కూడా శుద్ధి చేసిన నీళ్లే వాడాలి. ఫ్లోరైడ్ మరిగిస్తే పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది.

పౌనా_ప్రియుడు:
పాలు పోస్తే టీ గుణమంతా పోతుందని చాలాచోట్ల రాస్తారు కదా తార్నాక గారూ? అలాగైతే మన చాయ్‌తో లాభం సున్నా అన్నమాట.

తార్నాక_పోషణ:
పాలలోని కేసిన్ అనే ప్రోటీన్ టీలోని పాలీఫినాల్స్‌ను, అంటే క్యాటెచిన్ల లాంటివాటిని, పట్టుకునే మాట నిజమే. కానీ దానివల్ల ఒంట్లోకి చేరేది తగ్గుతుందా అన్నదానిపై ప్రయోగాలు రెండు రకాలుగానూ వచ్చాయి. పైన చెప్పిన బ్రిటన్ అధ్యయనంలో పాలు పోసుకున్నా పోసుకోకపోయినా ఫలితం దాదాపు ఒకటే. కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లకైతే పాలు మేలే. రాళ్లకు కారణమయ్యే ఆక్సలేట్ టీలో ఉంటుంది, దాన్ని పాలలోని కాల్షియం పేగుల్లోనే పట్టేస్తుంది. నా దృష్టిలో పాల గురించి బెంగ అనవసరం, చెంచా చక్కెర తగ్గించడం మీద పట్టుదల పెట్టండి.

రాగిదేగ్చా:
ఇరానీ చాయ్ నా వంతు. యజ్ద్, కెర్మాన్ వైపు నుంచి బొంబాయి మీదుగా వచ్చినవాళ్లు ఇక్కడ హోటళ్లు పెట్టారు. ఇరాన్‌లో తాగేది పాలు లేని టీ, చక్కెర గడ్డ పంట పట్టుకుని. పాలు కలిసింది మన దేశంలో. ఇంకో సంగతి, ఇరాన్‌లో లాహీజాన్ దగ్గర టీ తోటలు మొదలైంది కూడా 1900 ప్రాంతంలో మన కాంగ్డా లోయ నుంచి కాషిఫ్ అల్ సల్తనే అనే ఇరాన్ దౌత్యవేత్త తీసుకెళ్లిన మొక్కలతో.

ఇంట్లో మరిగించే చాయ్‌కీ దీనికీ తేడా ఒక్కటే: డికాషన్, పాలు వేర్వేరు గిన్నెల్లో తయారవుతాయి, కప్పులోనే కలుస్తాయి.

డికాషన్: అడుగు మందంగా ఉన్న గిన్నెలో అర లీటరు నీళ్లు, నాలుగు పెద్ద చెంచాల సీటీసీ డస్ట్, అంటే 20 గ్రాముల దాకా, రెండు పెద్ద చెంచాల చక్కెర. మూత పెట్టి చుట్టూ గోధుమపిండి ముద్దతో అతికించండి, బిర్యానీకి దమ్ పెట్టినట్టే. మొదట మూడు నిమిషాలు మామూలు మంట, తర్వాత ఇరవై నిమిషాలు సన్నటి మంట. పిండి చీలి ఆవిరి గట్టిగా తన్నుకొస్తుంటే మంట ఎక్కువైనట్టు. సలసల మరిగితే వగరు దిగి నాలుక పట్టేస్తుంది, ఆవిరితో పాటు వాసనా పోతుంది. ప్రెషర్ కుక్కర్ వాడొద్దు, అందులో వేడి 100 దాటి డికాషన్ చేదెక్కుతుంది.

పాలు: ఒక లీటరు ఫుల్ క్రీమ్ పాలు, వెడల్పాటి గిన్నెలో సన్నటి మంట మీద 700 మిల్లీలీటర్లకు దిగేదాకా. అరగంట పైనే పడుతుంది. పక్కల కట్టిన మీగడను గరిటెతో గీకి మళ్లీ పాలలోకే కలుపుతూ ఉండాలి, ఆ రుచి అక్కడే ఉంది. తొందరుంటే రెండు పెద్ద చెంచాల కోవా గానీ కండెన్స్‌డ్ మిల్క్ గానీ కలపొచ్చు, అప్పుడు డికాషన్‌లో చక్కెర మానేయండి.

కప్పులో మొదట డికాషన్ ఒక వంతు, పైన పాలు రెండు వంతులు. పౌనా కావాలంటే ముప్పావు కప్పుకే ఆపండి. ఖడక్‌గా, అంటే ఘాటుగా కావాలంటే డికాషన్ సగానికి పెంచండి, ఆకును ఎక్కువసేపు ఉంచడం వల్ల ఖడక్ రాదు, వగరు వస్తుంది. దమ్ దించిన వెంటనే వడకట్టేయాలి. మిగిలిన డికాషన్ ఫ్రిజ్‌లో ఒక రోజు ఉంటుంది. చల్లారాక మబ్బుగా కనిపిస్తే భయపడకండి, కెఫీనూ టానిన్లూ కలిసి అలా అవుతాయి, వేడి చేస్తే తేటపడుతుంది. పొద్దున కలిపిన పాల చాయ్‌ని సాయంత్రం దాకా బయట ఉంచి మళ్లీ కాచడం మాత్రం వద్దు, పాలు చెడతాయి.

తార్నాక గారి వేడి మాటకు నాదొక చేర్పు. పింగాణీ కప్పూ సాసరూ వాడితే చాయ్ తొందరగా తాగే వేడికి దిగుతుంది. కాగితం కప్పుల లోపల ప్లాస్టిక్ పొర ఉంటుంది. వేడి ద్రవం పావుగంట ఉంచితే ప్లాస్టిక్ రేణువులు వేల సంఖ్యలో దిగుతాయని ఖరగ్‌పూర్ ఐఐటీవాళ్లు 2020లో చూపించారు.

అల్లం: పచ్చి అల్లంలో పాల ప్రోటీన్‌ను తెంచే ఎంజైమ్ ఉంది. గోరువెచ్చటి పాలలో పడితే పని మొదలుపెట్టి పాలను విరిచేస్తుంది. దంచిన అల్లాన్ని నీళ్లలో వేసి మూడు నాలుగు నిమిషాలు బాగా మరిగిస్తే ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది. ఆ తర్వాత ఆకు, చివర్లో కాచిన వేడి పాలు. అలా చేసినా విరిగితే పాలు అప్పటికే పులుపెక్కినట్టు.

ఇరానీ చాయ్‌లో అల్లం, ఇలాచీ ఉండవని నా అభిప్రాయం. వేస్తే అది మసాలా చాయ్.

మల్కాజ్‌గిరి_చాయ్:
అందరికీ ధన్యవాదాలు. టిఫిన్‌తో చాయ్ రేపటినుంచే బంద్. ఇంకో రెండు సందేహాలు. మందారం టీ బీపీకి మంచిదని మామయ్య ఒక ప్యాకెట్ తెచ్చుకున్నారు, పెరట్లో ఉన్న మందారాలు ఎండబెట్టినా సరిపోతుందా? లూజు చాయ్‌పత్తాలో రంగు కలుపుతారంటారు, ఎలా పట్టుకోవాలి?

తార్నాక_పోషణ:
ప్యాకెట్‌లో ఉండేది పెరటి మందారం కాదండీ, పుంటికూర, అంటే గోంగూర. ఎర్ర గోంగూర పూలు రాలాక కాయ చుట్టూ మిగిలే ఎర్రటి కండగల తొడిమ రేకులు అవి. బీపీ మీద ప్రయోగాలు జరిగిందీ వాటితోనే. బీపీ కొద్దిగా తగ్గుతుంది గానీ మందుకు బదులు కాదు. 200 మిల్లీలీటర్ల మరిగిన నీళ్లకు 2 గ్రాములు, ఏడెనిమిది నిమిషాలు మూతపెట్టి వడకట్టండి. పుల్లగా ఉంటుంది కాబట్టి అల్యూమినియం గిన్నె వద్దు, స్టీలు గానీ గాజు గానీ వాడండి, పాలు కలపకండి. మామయ్యగారు మందు వాడుతున్నారు కాబట్టి మొదటి రెండు వారాలు బీపీ రోజూ రాసిపెట్టి డాక్టరుకు చూపించండి. కళ్లు తిరిగితే ఆపేయాలి.

ఆకుపొడి:
రంగు పట్టుకోవడం తేలిక. తెల్లటి ఫిల్టర్ కాగితం మీద చిటికెడు చాయ్‌పత్తా పరిచి, నీళ్లు చిలకరించండి. కృత్రిమ రంగు ఉంటే వెంటనే కాగితానికి మరక అంటుతుంది. పొడి దులిపేసి కాగితాన్ని కుళాయి కింద కడిగి వెలుతురులో చూడండి. మంచి ఆకైతే అంత త్వరగా మరక పడదు. చల్లటి నీళ్ల గ్లాసులో వేసినప్పుడు క్షణాల్లో ఎర్రటి తీగలు దిగితే కూడా అనుమానించాలి. సీటీసీకి కాసేపయ్యాక లేత గోధుమ రంగు రావడం మామూలే, దానికి కంగారుపడొద్దు. ఇనుప రజను కోసం పొడిలో అయస్కాంతం తిప్పి చూడండి.

కొనేటప్పుడు నెలకు సరిపడా మాత్రమే కొనండి, నలుగురికి మూడు పూటలా అంటే ముప్పావు కిలో నుంచి కిలో లోపు. వానాకాలంలో తేమ, వంటింట్లో మసాలా వాసన ఆకు ఇట్టే పీల్చుకుంటుంది. బిగుతు మూత ఉన్న స్టీలు డబ్బాలో, పొయ్యికీ ధనియాల పొడికీ దూరంగా పెట్టండి. గ్రీన్ టీ అయితే మే నెల వేడికి ఇంకా త్వరగా పాడవుతుంది, ప్యాకెట్ తెరిచాక రెండు మూడు నెలల్లో వాడేయాలి. ఎండుగడ్డి వాసన వచ్చి, నీళ్లు పసుపుపచ్చ బదులు గోధుమ రంగుకు తిరిగితే ఆ ఆకు పనైపోయినట్టే.